పెళ్లికి పనికొచ్చిన తుక్కు

జపాన్ నుంచి దిగుమతైన నా పాత కారును చూసినప్పుడల్లా మా పెదనాన్నగారి అబ్బాయి ఒకటే మాట అనేవాడు. "ఆ తుక్కు ఎందుకురా, అమ్మెయ్." దాని సామాను తెనాలిలో దొరకదు. రేడియేటర్ గొట్టం కోసం నెలల తరబడి చూసి, చివరికి ట్రాక్టర్ గొట్టం కోసి బిగించాను. అది చూసి పగలబడి నవ్వాడు.

తన కొడుక్కి పెళ్లి కుదిరేసరికి అన్నయ్య మాట మారింది. "ఇంట్లో నీ కారుండగా అద్దె కారేంటిరా తమ్ముడూ? పెళ్లికొడుకు అందులోనే చర్చికెళ్లాలి." బాపట్లలో అప్పుడే కొత్త రంగు వేయించాను. దాని మీద టేపులతో పూలు అంటించారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చున్నాను.

రేపల్లె దారిలో భట్టిప్రోలు దాటాక ఆ ట్రాక్టర్ గొట్టమే పగిలి ఇంజన్ ఆవిరి కక్కింది. పెళ్లికొడుకు వెనక వస్తున్న వ్యాన్ ఎక్కేశాడు. అన్నయ్య పూలు కూడా వదల్లేదు. వ్యాన్‌కి కట్టడానికి టేపులు పీకుతుంటే నా రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. "నువ్వు ఎలాగోలా వచ్చెయ్యరా," అని వెళ్లిపోయాడు. పెళ్లయిపోయింది, భోజనాలూ అయిపోయాయి. ఎండలో ఉన్న నాకు ఒక్కడూ ఫోన్ చెయ్యలేదు.

తరవాత ఆల్బమ్ చూపించారు. మొదటి పేజీ నిండా నా కారే, బయల్దేరే ముందు తీసిన ఫొటో. పక్కన పెళ్లికొడుకు నవ్వుతున్నాడు. తలుపు తెరిచి పట్టుకున్న నన్ను మాత్రం కత్తిరించేశారు. హ్యాండిల్ మీద నా నాలుగు వేళ్లు మిగిలాయి.