దసరా దీపానికి వంగిన హెలికాప్టర్ రెక్క

ఆదివారం. బట్టలు ఉతికి ఆరేశాను, ఇడ్లీకి పప్పు నానబోశాను, దేవుడి సామాను చింతపండుతో తోమాను, వంటింటి అర సర్దాను. ఇక తీరిగ్గా కూర్చుని ఇది రాస్తున్నాను...

మా చిన్నప్పుడు కురవిలో మా ఇంటి అరుగు మీద ఒక హెలికాప్టర్ తయారవుతుండేది.

మా చిన్నమామ హైదరాబాద్ నుంచి తెచ్చిన అట్టపెట్టె అది. మూత మీద ఎగురుతున్న హెలికాప్టర్ బొమ్మ... విప్పి చూస్తే అన్నీ ప్లాస్టిక్ ముక్కలే. వాటిని చట్రం నుంచి ఒక్కొక్కటిగా విరిచి, జిగురుతో అంటించి మనమే చేసుకోవాలి. ఏ ముక్క ఎక్కడిదో కాగితం చూసి అన్న చెప్పేవాడు. బ్లేడుతో అంచులు గీకి నున్నగా చేయడం నా పని.

బయటి డొల్ల, సీట్లు, పైన తిరిగే రెక్కలు అయ్యాయి. ఇక తోక దగ్గరి చిన్న పంకా, నేల మీద నిలబడే కాళ్లు మిగిలాయి. అంతలో దసరా వచ్చింది.

దసరా అంటే మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ. బాపు సైకిలు కడిగి పెట్టాడు. నాగలి, గడ్డపార, కొడవళ్లు, అమ్మ కుట్టు మిషను... అన్నీ వరసగా పెట్టి అమ్మ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. చివరికి మా హెలికాప్టర్ దగ్గర ఆగింది. ఇంకా పూర్తి కాలేదని అన్న చెబుతూనే ఉన్నాడు.

"సైకిలుకు పెట్టి దీనికి పెట్టకుంటె ఎట్ల బిడ్డా? గిది మనింటి గాలి బండి" అని ముక్కు మీద పసుపు రాసి, కుంకుమ దిద్ది, పక్కనే దీపం పెట్టింది.

పూజలో పెట్టిన వస్తువును ఆ రోజంతా ముట్టుకోకూడదు. మేమూ ముట్టుకోలేదు. తెల్లారి చూస్తే దీపం వేడికి ఒక రెక్క మెత్తబడి కిందికి వాలిపోయి ఉంది.

బాపు వంగి చూసి, "సలాం కొడుతున్నదిరా మీ హెలికాప్టర్" అన్నాడు. అందరూ నవ్వారు... అన్న నవ్వలేదు. ఆ తర్వాత దాన్ని పట్టుకోలేదు. ఆ ఏడాదే చదువుకని జనగామ హాస్టలుకు వెళ్లిపోయాడు. పూజ చేసిన వస్తువును పారేయకూడదని అమ్మ దాన్ని, మిగిలిన ముక్కల్ని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టింది. అమ్మ పోయాక ఆ డబ్బా నాతో జనగామలో మా ఇంటికి వచ్చింది.

అన్నకు ఇప్పుడు మొగుళ్లపల్లిలో మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన బావి మోటర్లకు కొత్తగా రాగి తీగ చుడతాడు. మొన్న ఎండాకాలంలో బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరిగింది. పట్టీ విప్పాక ఎముక బాగానే అతికిందన్నారు, కానీ వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఆడిస్తూ ఉంటేనే వస్తాయని దవాఖానలో చెప్పారు. అన్నేమో ఆ చేతిని కండువా కింద దాచుకుని అన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చేవాడు. వదిన చెప్పి చెప్పి విసిగి, కొన్నాళ్లు నా దగ్గర ఉండమని పంపింది.

వచ్చిన రోజే నాతో అన్నాడు. "గీ వేళ్లతోని తీగ సుట్టుడు ఇగ నాతోని కాదు చెల్లె. దుకాణం ఎవలకన్న ఇచ్చేస్త."

రెండు రోజుల తర్వాత అటక మీది సామాను దులుపుతుంటే ఆ డబ్బా కనబడింది. ఊరికే కూర్చున్నాడు కదా అని తెచ్చి ముందు పెట్టాను. మూత తీసి చూశాడు... "ఇంక పారెయ్యలేదా గిది?" అన్నాడు.

పని మొదలుపెట్టింది నేనే. ముక్కలన్నీ సబ్బు నీళ్లలో కడిగి, పాత గుడ్డ మీద ఆరబెట్టాను. వంగిన రెక్కను వేడి నీళ్లలో ముంచితే సాగుతుందేమోనని అనుమానపడుతుంటే, "కొంచెం కొంచెం ముంచు, ఒక్కసారే తిప్పకు" అని అన్న కూర్చున్న చోటి నుంచే చెప్పాడు. మెత్తబడ్డాక రెండు పళ్లేల మధ్య పెట్టి, పైన చల్లటి ఇస్త్రీ పెట్టె బరువు పెట్టాను. సాయంత్రానికి రెక్క చక్కగా వచ్చింది.

ముక్కు మీద పసుపు మరక మాత్రం పోలేదు. ఎండలో పెడితే పోతుందిలే అన్నాను. "ఉండనీయ్, అమ్మ పెట్టింది" అన్నాడు అన్న.

కాగితాన్ని పురుగులు తినేశాయి. కాళ్లు ఎటువైపువి ఎటో నాకేం తెలుసు? తోచినట్టు జిగురు రాసి ఒకటి ఆనించబోయాను.

"ఆగు ఆగు... అది ఎడమ దిక్కుది" అంటూ అన్న ముందుకు వంగి, నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

కుడి చేత్తో.

బొటనవేలూ చూపుడువేలూ సరిగా వంగక ఆ సన్నటి ముక్క జారుతోంది. అయినా తిప్పి సరైన చోట ఆనించి, జిగురు ఆరేదాకా అట్లాగే పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. రెండో కాలు అందించాను... అంతే.

తోక పంకా బిగించడానికి మరుసటి రోజంతా పట్టింది. రెండుసార్లు జారి కింద పడింది. రెండుసార్లూ తిట్టుకుంటూ తనే ఏరుకున్నాడు. వేలితో తోస్తే అది తిరిగింది. ఇంకోసారి తోశాడు... అప్పుడు చూసుకున్నాడు తన చేతిని.

"నొస్తున్నది చెల్లె. గని ఆడుతున్నయి వేళ్లు" అన్నాడు.

వారం తర్వాత మొగుళ్లపల్లి వెళ్లడానికి భూపాలపల్లి బస్సెక్కాడు. హెలికాప్టర్‌ను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు, సంచిలో పెట్టనివ్వలేదు. ఇప్పుడు దుకాణంలో చిన్న మోటర్లే పట్టుకుంటున్నాడట. ఒక పూటలో అయ్యే పనికి రెండు రోజులు పడుతోందట. ఆలస్యమైనా పర్వాలేదని రైతులు వదిలిపెట్టి వెళ్తున్నారని వదిన నవ్వుతూ చెప్పింది. ఆమె గొంతులో నవ్వు విని ఎన్ని నెలలైందో...

ఈ రోజుల్లో పెట్టె విప్పగానే ఎగిరిపోయే బొమ్మలు వస్తున్నాయి. పిల్లల సంబరం పిల్లలది, కాదనను. మనకు మాత్రం బొమ్మ అంటే సగం కొన్నది, సగం చేసుకున్నది. చేస్తూ చేస్తూ ఎక్కడో ఆపేసింది కూడా...

మీ అటక మీద అట్లా ఆగిపోయింది ఏముంది? కింద రాయండి. కుదిరితే, రాసే ముందు ఒకసారి కిందికి దించి చూడండి.