తప్పంతా లోపలివాళ్ళదే

మా కడుపక్క లెక్కలో ఈ భూప్రపంచంలో మనిషన్నవాడు ఏనాడూ ఏ తప్పూ చేయలేదు. ఎవరు కసురుకున్నా, మాట తప్పినా, తలుపు ధడాలున వేసినా ఆవిడది ఒకటే తీర్పు: "పాపం, ఆ మనిషి కాదు. లోపలివాళ్ళు."

లోపలివాళ్ళంటే మన పేగుల్లో కాపురముండే సూక్ష్మజీవులు. కోట్లకు కోట్లు. అద్దె కట్టరు, ఖాళీ చేయరు. వాళ్ళ జనాభా లెక్కలు తీయడమే అక్క ఉద్యోగం. ఉద్యోగమని నేనంటున్నాను గాని, దాన్ని పోస్ట్‌డాక్ అంటారు. డాక్టరేటు వచ్చేసింది కాబట్టి చదువు లేదు. కుర్చీ ఇంకా రాలేదు కాబట్టి స్థిరమూ లేదు. పెళ్ళయింది గాని కాపురానికి పంపలేదన్నట్టు ఉంటుంది. జనం ఇచ్చిన మలం నమూనాలు చిన్న చిన్న గొట్టాల్లో మా పరిశోధనశాలకు వచ్చేవి. యంత్రం వాటిలోని డీఎన్‌ఏ చదివి అక్షరాలు గుట్టగా పోసేది. ఆ గుట్టలోంచి ఏ కడుపులో ఏ జాతివాళ్ళు ఎంతమంది ఉన్నారో కంప్యూటరుతో తేల్చేది అక్క. ఆ కంప్యూటర్లు వేడెక్కి చావకుండా చూసేవాణ్ణి నేను. ఐదేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం.

కడుపక్క అన్న పేరు ఎవరు పెట్టారో తెలియదు. తెలిసినా అక్క ఏమీ అనుకునేది కాదు. పెట్టినవాళ్ళ తప్పు కాదుగా మరి!

ఒకసారి ఇద్దరం వానలో బస్సు కోసం నిలబడ్డాం. డ్రైవరు మమ్మల్ని చూశాడు. చూసి మరీ ఆపకుండా పోయాడు. పోతూ పోతూ గుంటలోని నీళ్ళన్నీ నా ప్యాంటుకు ధారపోసి వెళ్ళాడు. నేను నోటికొచ్చిందల్లా అన్నాను.

"ఊరుకో తమ్ముడూ. పొద్దున్నుంచీ ఆ సీట్లోనే ఉండుంటాడు. వేళకి తిండుండదు. లోపలివాళ్ళు సమ్మె చేస్తుంటారు."

"మరి నా ప్యాంటో?"

"నీ ప్యాంటు సంగతి వాళ్ళకేం తెలుసు, పాపం?"

అక్క అద్దెకున్న ఇంటి పైవాటాలో ఒక పెద్దావిడ ఉండేది. నవ్వు వినబడిందని ఒకరోజు దెబ్బలాట. ఏ చప్పుడూ లేదని మరోరోజు: "ఉన్నావో పోయావో తెలీక హడలి చచ్చాను!" ఓ ఆదివారం నేనక్కడ ఉండగానే దిగివచ్చి అక్కను దులిపి ఆరేసింది. అక్క అంతా విని ఎంతో ప్రేమగా, "మీరు కాదు పిన్నిగారూ, మీ లోపలివాళ్ళు" అంది.

"నా లోపల ఎవరే ఉండేది? రెండుపూటలా స్నానం చేసే మనిషిని!"

"స్నానానికి పోయేవాళ్ళు కాదండీ వాళ్ళు."

పెద్దావిడ పొట్ట మీద చెయ్యి వేసుకుని గుడ్లప్పగించి మెట్లెక్కింది. మర్నాడు మళ్ళీ దిగిందట. ఈసారి గొంతు తగ్గించి, "నిన్న వాళ్ళు కొంచెం ఎక్కువే అన్నారు. ఏమీ అనుకోకేం?" అందట.

మా ఆవిడ దగ్గర మాత్రం ఈ పాచిక పారలేదు. స్టేషనుకు వస్తానని మాటిచ్చి నేను మరిచిపోయాను. రెండు పెట్టెలు మోసుకుంటూ తను తిన్నగా పరిశోధనశాలకే వచ్చింది. నా ప్రాణం కాపాడటానికి అక్క ఎదురెళ్ళింది.

"మీ ఆయన తప్పు కాదమ్మాయ్. లోపలివాళ్ళు మరిపించారు."

"అలాగా వదినా? అయితే ఈ పూట వంట వాళ్ళకే వదిలేస్తా."

ఆ పూట లోపలివాళ్ళకూ లేదు, బయటివాడికీ లేదు.

నోటితో ఇంత ధారాళంగా తీర్పులిచ్చే మనిషి రాతకొచ్చేసరికి పరమ పిసినారి. అక్క వ్యాసం చదివితే మా పెద్దాయనకు, అంటే పరిశోధనశాల పెద్దకు, బీపీ పెరిగేది.

"'సంబంధం ఉండవచ్చునేమో అనిపించే అవకాశం కనబడుతోంది.' ఏంటమ్మా ఇది? ఉందా, లేదా?"

"ఉండచ్చు సార్."

"శుభ్రంగా 'కారణం' అని రాయి."

"అది తేల్లేదు సార్."

"ఈ లెక్కన సూర్యుడు తూర్పున పొడుస్తాడని కూడా రాయవు నువ్వు!"

"ఎన్ని నమూనాలున్నాయి సార్?"

అలాంటి చోట ఒక చిక్కు వచ్చిపడింది. కోపిష్టుల కడుపుకూ శాంతస్వభావుల కడుపుకూ తేడా ఏమిటన్నది అప్పట్లో మా పరిశోధన. రెండు ఆసుపత్రుల నుంచి నమూనాలు వచ్చేవి. లెక్క తీస్తే ఒక జాతి సూక్ష్మజీవి కోపిష్టుల్లో రెట్టింపు కనబడింది. పెద్దాయన గాల్లో తేలిపోయారు. మా నిధులు ఆ ఏడాదితో సరి. కొత్తవి రాకపోతే ముందు పోయేది అక్క ఉద్యోగమే. ఆయన అప్పుడే ఆ సూక్ష్మజీవికి 'కోపపురుగు' అని నామకరణం చేసేసి, విలేకరులను పిలవడానికి రోజు చూస్తున్నారు.

అక్కకు మంచిరోజులొచ్చాయని నేనూ సంబరపడ్డాను. ఇన్నేళ్ళూ ఆవిడ నోటితో చెప్పిందే ఇప్పుడు యంత్రమూ చెప్పింది కదా!

అక్క మాత్రం నా కంప్యూటర్లకు ఊపిరాడనివ్వకుండా ఆ లెక్కలను తిరగేసి మరగేసి చూసింది. చివరికి పెద్దాయన గదిలోకి వెళ్ళి, "సార్, ఇది కడుపులోది కాదు, గొట్టంలోది" అంది.

సంగతేమిటంటే, కోపిష్టుల నమూనాలు దాదాపు అన్నీ ఒకే ఆసుపత్రివి. రెండోదానివి మధ్యాహ్నం వచ్చేవి గాని, ఇవి పొద్దున్నే వచ్చి, వెంటనే ఫ్రీజరులోకి వెళ్ళకుండా సగం రోజు మా బల్ల మీదే కూర్చున్నాయి. వెచ్చగా ఉండేసరికి ఆ సూక్ష్మజీవి గొట్టంలోనే పిల్లాపాపలతో వర్ధిల్లింది.

పెద్దాయన అరుపుకు మా గది కిటికీలు అదిరాయి. "బల్ల మీద వదిలేసింది ఎవరు? ఆ ఫ్రీజరు చూసేవాడేగా? ఇవాళే ఇంటికి పంపిస్తా!"

ఫ్రీజరు చూసే బాబాయి వరండాలో బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. భార్యకు ఆపరేషనైంది. పొద్దున్నే ఆవిడ పని చూసి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. అక్కే అంతకుముందు రోజు పక్కన కూర్చుని అడిగి తెలుసుకుంది.

"ఆయనకి ఇంట్లో కష్టం వచ్చింది సార్. సాయానికి రెండో మనిషి లేడు," అంది అక్క. "ఇక ఏ గొట్టం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు ఫ్రీజరులోకి వెళ్ళిందో దాని మీద రాసే ఉంది. అది మొదటే లెక్కలో కలుపుకోవాల్సింది నేను."

"ఇది బయటపెడితే నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసు సార్. అబద్ధం రాసి మాత్రం ఉండలేను."

"బయటికి నడు!"

అక్క బయటికి వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నీ లోపలివాళ్ళ మీదే తోస్తారు కదా, రుజువు ఒళ్ళోకొచ్చి పడితే కాదంటారేంటక్కా? అసలు ఆ మాట మీద మీకు నమ్మకముందా?"

"మనిషి తప్పేమీ లేదన్న మాటా?" అక్క నవ్వింది. "అదెవరు తేల్చారు తమ్ముడూ? నేను చూసిన ఏ లెక్కలోనూ లేదు. కడుపుకీ మనసుకీ ఏదో లంకె ఉండచ్చు. అంతకుమించి నాకూ తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ అందరికీ..."

"అరిచిన మనిషి రేపు మళ్ళీ ఇవే మెట్లెక్కి రావాలిగా. తప్పు నీదే, నీదే అని పట్టుకుంటే ఎలా వస్తాడు? ఎక్కడో ఓ సందు వదలాలి. లోపల అన్ని కోట్లమంది ఉన్నారు, వాళ్ళ మీద పెడితే ఒక్కడూ నొచ్చుకోడు."

వ్యాసంలో ఒక్క మాట ఎక్కువ రాయని మనిషి, మా అందరి పరువు కోసం ఇంత పెద్ద కోత ఏళ్ళ తరబడి కోస్తూ వచ్చింది. తప్పులు కడుపులో పెట్టుకోవడమంటే ఇదే కాబోలు.

మర్నాడు పెద్దాయన వచ్చారు. లోపలికి రాలేక తలుపు దగ్గరే కళ్ళజోడు తుడుస్తూ నిలబడ్డారు. ఎంతసేపు తుడిచారంటే అద్దాలు అరిగిపోతాయేమోనని నాకు బెంగ పట్టుకుంది.

"నిన్న... అదీ... నేను కాదేమోనమ్మా."

"నేనూ అదే అనుకున్నా సార్. రండి," అంది అక్క కుర్చీ జరుపుతూ.

అక్కణ్ణించి ఆయన ఫ్రీజరు గదికి వెళ్ళి, "ఇంట్లో ఆవిడకెలా ఉందయ్యా?" అని అడిగారు. విలేకరులను రావద్దని ఆయనే ఫోను చేసి చెప్పారు. నమూనాలు బయట ఉండిపోతే లెక్కలెలా తారుమారవుతాయో, దాన్నెలా పట్టుకోవాలో అక్క కొత్త వ్యాసం రాసింది. దాని పేరు చదివితేనే నిద్రొస్తుంది. కాని ఇదే పొరపాటు చాలా చోట్ల జరుగుతోందట. "మావీ కాస్త చూసిపెట్టండి" అంటూ వేరే పరిశోధనశాలల వాళ్ళు వరస కట్టారు. నిధులొచ్చాయి. అక్క ఉద్యోగం నిలిచింది. బాబాయికి తోడుగా ఇంకొకామె వచ్చింది.

కొత్త విడతలో మొదటి నమూనా పెద్దాయనే ఇచ్చారు. ఇచ్చింది మొదలు ఏదో వంకతో అక్క గది చుట్టూ తిరిగేవారు. ఫలితాలు వచ్చిన రోజు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు. బల్ల కింద నేను వైర్లు సరిచేస్తున్నానని ఆయనకు తెలియదు.

"ఎవరున్నారమ్మా నాలో? నిజం చెప్పెయ్. తట్టుకుంటాను."

అక్క ఒకసారి తెర వైపు చూసింది, ఒకసారి ఆయన వైపు చూసింది.

"అందరిలో ఉన్నవాళ్ళే సార్."

పెద్దాయన హమ్మయ్య అనుకున్నారు. తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగారు.

"ప్రత్యేకంగా ఒక్కడు కూడా లేడా?" అన్నారు, కొంచెం దిగులుగా.

బల్ల కింద నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.