ముప్పైమూడు బండలు

రాయి కోసే చక్రం మీద నీళ్లు పడినప్పుడు ఒక వాసన వస్తుంది. వానకు తడిసిన మట్టి వాసన కాదు. అంతకంటే చల్లగా, కొంచెం సున్నంలా, గొంతులో పొడిగా తగులుతుంది. ఈ నెల కర్నూలులో మేము కట్టుకున్న ఇంటికి బండలు పరిపిస్తున్నాను. అందరూ మెరిసే టైల్స్ వేయించుకోమన్నారు. నాపబండలే కావాలని పట్టుబట్టాను. నేను పట్టుబట్టానంటే ఎవరి మాటా వినను, అది అందరికీ తెలుసు. మేస్త్రీ వెనక గది కొలిచి, "పన్నెండు, పది. ముప్పై బండలు పడతాయి మేడం. ముప్పైమూడు తెప్పిస్తాండా" అన్నాడు. "ఎట్లా?" అని అడిగాను. "ఎట్లేముంది మేడం, పగలవా?" అని నావైపు వింతగా చూశాడు. నేను లెక్కల టీచర్నని అతనికి తెలుసు. ఈ మాత్రం తెలియదా అన్నట్టుంది ఆ చూపు. తెలుసు నాయనా, తొమ్మిదేళ్లప్పుడే తెలుసు. తెలిసినందుకే నాకు ఇంటూ పడింది.

నాకు ఇంటూ వేసిన చేయి మెహరున్నిసా టీచర్‌ది. రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, కోయిలకుంట్లలో చురుకైన పిల్లల కోసం ఒక ప్రత్యేక తరగతి పెట్టారు. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి నాలుగో తరగతి పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, ఏడాదిపాటు వారానికి మూడు సాయంత్రాలు విడిగా చదివించి, గురుకులం ప్రవేశ పరీక్షకు తయారు చేయాలి. ఆ పనికోసమే శిక్షణ పొంది వచ్చిన టీచర్ ఆమె. సన్నటి మనిషి, నూలు చీర, తల మీద నుంచి ఎప్పుడూ జారని కొంగు. తెలివైన పిల్లలకు చెప్పడం తేలిక అని లోకం అనుకుంటుంది. "మొద్దు పిల్లోడు తనకు రాదని చెప్తాడు. తెలివైన పిల్లోడు వచ్చినట్టు నటిస్తాడు. వాళ్లకే టీచర్ గావాల" అనేవారు ఆమె.

మా నాయన యోహాను బండల గనిలో పని చేసేవాడు. అమ్మ పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసేది. గురుకులంలో సీటు వస్తే తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. రాకపోతే అయిదో తరగతి అయ్యాక నేనూ అమ్మ వెనక బండలకు పోవాలి. మా వీధిలో ఆడపిల్లలందరూ అట్లాగే పోయారు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. అనవలసిన అవసరం లేదు, అమ్మ అరచేతులు చూస్తే చాలు. కాబట్టి ఆ తరగతిలో సీటంటే నాకు చదువు ఒక్కటే కాదు.

పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదికి రెండడుగుల చదరపు బండలు ఎన్ని కావాలి? ముప్పైమూడు అని రాశాను. జాబితా గోడకు అంటించినప్పుడు పన్నెండు పేర్లున్నాయి. పన్నెండో పేరు బజారులో కిరాణా అంగడి శెట్టిగారి కూతురు లలితది. నాకంటే ఒక్క మార్కు ఎక్కువ. మా ఊరి బడికి తిరిగివచ్చిన నా జవాబు పత్రంలో ముప్పైమూడు మీద ఎర్ర ఇంటూ ఉంది.

ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. అమ్మ మొదట బతిమాలింది, తర్వాత విసుక్కుంది. "యేసయ్యకు గూడా పన్నెండు మంది శిష్యులే లేమ్మే. ఊరుకో" అంది.

"ఆ పన్నెండులో ఒకడు ఆయన్ను పట్టించిన యూదా గదా. వాని సీటు నాకు ఇమ్మను" అన్నాను.

నాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. ఆ నవ్వును కూడా నేను చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

మరుసటి రోజు బడి ఎగ్గొట్టి, మూడు కిలోమీటర్లు నడిచి కోయిలకుంట్ల పోయాను. టీచర్ ఒక్కరే కూర్చుని అట్టముక్కలతో ఏవో ఆకారాలు కత్తిరిస్తున్నారు. పత్రం ఆమె ముందు పెట్టాను.

"యాల కొట్టినారు దీన్ని?"

"తప్పు గాబట్టి కొట్టినా."

"తప్పు గాదు."

"అట్లయితే ముప్పైమూడు ఎట్లా వచ్చిందో చెప్పు మే, వింటా."

"కొట్టకముందే అడగాల్సింది. ఇప్పుడు నేను చెప్పను."

వేరే టీచరయితే చెవి మెలిపెట్టి బయటికి పంపేవారు. ఆమె కత్తెర పక్కన పెట్టారు. "ఎవరి బిడ్డవే నువ్వు?" అని అడిగారు. నాయన పేరు, గని పేరు చెప్పి వచ్చేశాను. చెప్పకుండా గెలిచానని దారిపొడవునా అనుకున్నాను. ఇంటికి చేరేసరికి సీటు పోయిందని తెలిసివచ్చింది.

రెండు రోజుల తర్వాత, బడి వదిలాక నేను నాయనకు నీళ్లు తీసుకుపోయాను. గని పక్కన లారీకి బండలు ఎక్కిస్తున్నారు. షేర్ ఆటో దిగి, ఎండలో, తెల్లటి రాతి దుమ్ములో చెప్పులు కూరుకుపోతుండగా మెహరున్నిసా టీచర్ నడిచి వచ్చారు. నాయన కంగారుపడి తలగుడ్డ విప్పి, ఒక బండ తుడిచి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"యోహానప్పా, ఒక సందేహం. పన్నెండు, పది గది. రెండడుగుల బండ. ఎన్ని దింపుతావు?"

"ముప్పైమూడు మేడం" అన్నాడు నాయన, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

"లెక్కకు ముప్పయ్యే గదప్పా."

"లెక్కకు అంతే. బండకు లెక్క తెలీదు గదా మేడం! లారీలో ఒకటి పగులుతాది, కోసేటప్పుడు ఒకటి మూల ఇరుగుతాది. ముప్పై మాత్రమే దింపితే ఇంటాయన మమ్మల్ని నిలబెట్టి తిడతాడు. పదికొకటి ఎక్కువ ఎయ్యాల. ఈడ పసిబిడ్డనడిగినా చెప్తాది."

టీచర్ నావైపు తిరిగారు. నేను లారీ చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను. "ఈ పసిబిడ్డ అడిగినా చెప్పలేదులే" అని ఆమె నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. పగిలిన బండల కుప్ప దగ్గరికి పోయి, ఒక ముక్క తీసి చేతిలో తిప్పి చూసి, దాన్ని తన సంచిలో వేసుకున్నారు.

తర్వాతి తరగతి రోజున నన్ను పిలిపించారు. పన్నెండు మంది పిల్లలు బల్లల ముందు కూర్చుని ఉన్నారు. అది సామాన్ల గది. పన్నెండు స్టూళ్లు, ఒక కుర్చీ పట్టేంత జాగానే. ఆ రాతిముక్కను పిల్లలకు చూపించి, జరిగినదంతా ఒక్క మాట దాచకుండా చెప్పారు. "నేను అడగకుండా కొట్టినాను" అన్నారు. ఒక టీచర్ పిల్లల ముందు అట్లా అనడం నేను అంతకుముందు వినలేదు. తర్వాత కూడా పెద్దగా వినలేదు.

నాకు అది చాలలేదు. "అయితే లలితను లేపండి" అన్నాను.

లలిత ముఖం పాలిపోయింది. టీచర్ తల అడ్డంగా ఊపారు. "ఆ పిల్ల ఏం చేసింది? నా తప్పుకు ఆ పిల్లను లేపుతానా? జాబితా మీద పైవాళ్లు సంతకాలు చేసినారు, దాంట్లో పదమూడో పేరు ఎక్కించే అధికారం నాకు లేదు. కానీ ఈ గదిలో పదమూడో కుర్చీ ఉండాది, అది నాది." ఆ కుర్చీని లలిత పక్కకు జరిపి, "కూచో" అన్నారు.

"మరి మీరు?"

"తప్పు చేసినోళ్లు నిలబడాల. బడిలో రూలు అదే గదా!"

ఆ ఏడాదంతా ఆమె నిలబడే చెప్పారు. మోకాళ్లు నొప్పి పుడితే గోడకు ఆనుకునేవారు. ఒకసారి ఎవరో పక్కగది నుంచి స్టూలు తెస్తే తిరిగి పంపేశారు. గురుకులం పరీక్ష దరఖాస్తును ఏ పిల్లయినా పంపుకోవచ్చు, కాబట్టి నాది కూడా ఆమే నింపి పంపారు. ఆమె పాఠం విచిత్రంగా ఉండేది. జవాబు సరైనదైనా, తప్పయినా ఒకే ప్రశ్న అడిగేవారు. "ఎట్లా?" మా నోటుపుస్తకంలో ప్రతి లెక్క పక్కన ఒక గడి గీయించి, అందులో ఎట్లా వచ్చిందో రాయమనేవారు. గడి ఖాళీగా ఉంటే సరైన జవాబుకు కూడా మార్కు లేదు. చకచకా జవాబులు చెప్పి మెప్పు పొందడం అలవాటైన మాకు అది పెద్ద శిక్ష. "తొందరగా వచ్చిన జవాబును చుట్టంలా చూడు. మంచినీళ్లియ్యి, కూచోబెట్టు, ఏ ఊర్నుంచి వచ్చిందో అడుగు" అనేవారు.

ఒకరోజు వంద కిలోల కందిపప్పు మూటను కిలో పొట్లాలుగా కడితే ఎన్ని పొట్లాలు అవుతాయని అడిగారు. లలిత తొంభైతొమ్మిది అంది. నేను గట్టిగా నవ్వాను. శెట్టిగారి కూతురికి నూరు లెక్కపెట్టడం రాలేదని నా సంతోషం. ఆ ఒక్క మార్కు నాకింకా గుచ్చుకుంటూనే ఉంది మరి.

"ఎట్లా, లలితా?" అన్నారు టీచర్.

"కిలో తూచినప్పుడు తక్కెడ పప్పు వైపు కొంచెం మొగ్గాల టీచర్. సమానంగా తూచితే గిరాకీ మళ్లీ రాదని మా తాత అంటాడు. అట్లా మొగ్గి మొగ్గి ఆఖరి పొట్లం పోతాది."

టీచర్ నా దగ్గరికి వచ్చారు. "ఏం మే ఎస్తేరూ, ఈ పొద్దు నా కుర్చీ నాకు గావాల" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆమె కూర్చున్నారు. ఆ ఏడాదిలో ఆమె కూర్చున్నది ఆ గంటసేపే. కాళ్లు చాపుకుని, కళ్లు ఒకసారి మూసి తెరిచారు. ఆమె ఎంత అలసిపోయి ఉన్నారో నాకప్పుడు తెలిసింది. అందరి ముందు నిలబెట్టారని ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. అయినా లలితను చూసి మళ్లీ నవ్వలేదు. తర్వాతి తరగతికి కుర్చీ మళ్లీ లలిత పక్కనే ఉంది.

గురుకులం పరీక్ష దగ్గర పడినప్పుడు నేను అడిగాను: "ఆడ గూడా బండల లెక్క వస్తే ఎంత రాయాల టీచర్?" ఆమె ఆలోచించకుండా చెప్పారు. "పరీక్షలో ముప్పై రాయి. ఇల్లు కట్టినప్పుడు ముప్పైమూడు దింపు. యాడ ఎవరు ఏం అడుగుతాండారో తెలుసుకునేదే తెలివి. నా గదిలో మాత్రం రెండూ రాయి, ఎట్లా అనేది గూడా రాయి." నాకు సీటు వచ్చింది. లలితకు రాలేదు. ఆమె కోయిలకుంట్లలోనే చదువుకుని, ఇప్పుడు ఆ అంగడి తానే నడుపుతోంది. ఊరికి పోయినప్పుడల్లా నేను పప్పు అక్కడే తెచ్చుకుంటాను. తక్కెడ ఇప్పటికీ మొగ్గుతుంది.

గురుకులానికి పోయే ముందు టీచర్‌ను చూడ్డానికి వెళ్లాను. నిజం చెప్పాలంటే వీడ్కోలు చెప్పడానికి కాదు, పాత జవాబు పత్రం పట్టుకుని ఆ మార్కు వేయించుకోవడానికి.

"ఇప్పుడు దాంతో నీకేం పని? సీటొచ్చింది గదా."

"నాది నాకు కావాల."

ఆమె పత్రం తీసుకుని, ఎర్ర ఇంటూ కింద "అడగకుండా కొట్టినాను" అని రాసి సంతకం చేశారు. మార్కు మాత్రం వేయలేదు. "అడక్కపోవడం నా తప్పు. ఎట్లా వచ్చిందో రాయకపోవడం, అడిగినాక గూడా చెప్పకపోవడం నీ తప్పు. నా తప్పు నేను రాసినా. దాని కింద నీది నువ్వు రాసి సంతకం పెట్టు, అప్పుడు మార్కు వేస్తా" అని పెన్ను నా చేతికిచ్చారు.

పెన్ను బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అంతే. ఆ తర్వాత ఆమెను చూడలేదు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడల్లా ఆ బడి మీదుగానే బస్సు పోయేది, దిగలేదు. ఆమె బదిలీ మీద నందికొట్కూరు పోయారని, అక్కడే రిటైరయ్యారని విన్నాను. నేను లెక్కల టీచర్నయ్యాను. నా పిల్లల నోటుపుస్తకాల్లో ప్రతి లెక్క పక్కన ఒక గడి ఉంటుంది. ఎర్ర పెన్ను తీసే ముందు "ఎట్లా?" అని అడుగుతాను. నాది తప్పని పిల్లలు రుజువు చేసిన రోజున ఆ పీరియడంతా నిలబడే ఉంటాను. ఇదంతా నా సొంత పద్ధతే అని తోటి టీచర్లు మెచ్చుకుంటే, కాదని చెప్పేదాన్ని. ఎవరిదో మాత్రం చెప్పేదాన్ని కాదు.

పోయిన వేసవిలో లలిత పప్పు పొట్లం కడుతూ చెప్పింది. "టీచర్ పోయినారంట, ఎస్తేరూ. శానా దినాలు మంచంలోనే ఉన్న్యారంట. నేను సంక్రాంతికి ముందు పోయి చూసొచ్చినా. నిన్ను అడిగినారు. ఆ మొండిపిల్ల సంతకం పెట్టిందా అని." నాకేమీ అర్థం కానట్టు నిలబడ్డాను. నేను చూడలేదనుకుని లలిత రెండు గుప్పెళ్లు ఎక్కువ పోసింది.

నా దగ్గర ఫిర్యాదులకు కొదవ లేదు. ఎవరెవరు ఎప్పుడు ఏమన్నారో ఈ రోజుకీ చెప్పగలను. వాటన్నిటిలో అవతలి మనిషి తన తప్పు తానే రాసి సంతకం చేసి ఇచ్చింది ఈ ఒక్కటే. దాన్ని గెలుపు కాగితంలా ఇన్నేళ్లూ బీరువాలో దాచుకున్నాను. అందులో సగం ఖాళీ ఉందన్న సంగతి మాత్రం చూడదలచుకోలేదు.

నిన్న వెనక గదిలో ఆఖరి బండ పడింది. ముప్పైమూడులో రెండు పగిలాయి, ఒకటి మిగిలింది. "దీన్నేం చేద్దాం మేడం?" అని మేస్త్రీ అడిగాడు. ఉంచమన్నాను. దాన్ని కిటికీ కింద ఇటుకల మీద బల్లలా పెట్టించి, బీరువాలోంచి ఆ పత్రం తెచ్చి దాని మీద పరిచాను. కాగితం మడతల దగ్గర చిరిగింది కానీ ఎర్ర సిరా వెలవలేదు. మేస్త్రీ కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చోలేదు. వంగి, ఆమె సంతకం కింద "అడిగినా చెప్పలేదు" అని రాసి, నిలబడే సంతకం చేశాను.