మా నాన్న చెప్పిన సాక్ష్యం

నా చిన్నప్పటి సంగతుల్లో ఒకదాన్ని చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మాది జూలూరుపాడు దగ్గర, అడవిని ఆనుకొని ఉన్న పల్లె. మా నాన్న పట్టాళంలో సిపాయిగా చేసి, యుద్ధం చూసి, పింఛనుతో ఇంటికి వచ్చేశాడు. ఆయన ఊళ్లో లేనప్పుడే నాకు ఊహ తెలిసింది. అందుకే ఆయన ఇంట్లో కనిపిస్తే చాలు, చుట్టూ తిరుగుతుండేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం నాన్న వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నాడు. నేను బడి నుంచి వచ్చి, చప్పుడు చేయకుండా వెనకనుంచి వెళ్లి రెండు చేతులతో ఆయన కళ్లు మూశాను. ఎవరో చెప్పుకో అనాలనుకున్నాను. ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. మరుక్షణం నేను నేలమీద ఉన్నాను. నా ఎడమ చేయి నాన్న మోకాలి కింద ఉంది. ఆయన హిందీలో ఏదో అంటున్నాడు. నొప్పి తర్వాత తెలిసింది. ముందు నాకు కనిపించింది ఆయన ముఖం. నన్నే చూస్తున్నాడు, కానీ నేనెవరో ఆయనకు తెలియడం లేదు.

అమ్మ కేకతో తేరుకున్నాడు. నన్నెత్తుకొని దవాఖానాకు పరుగెత్తింది కూడా ఆయనే. ఎముక విరిగిందని పిండికట్టు వేశారు. ఎట్లా విరిగిందని కాంపౌండరు అడిగితే, వెంట వచ్చిన మా నాయనమ్మ గబుక్కున, "చెట్టు మీదికెళ్లి పడ్డది సారూ" అంది. నాన్న తల దించుకున్నాడు.

దారిలో నాయనమ్మ నాకు నేర్పింది. "ఎవరడిగినా గట్లనే చెప్పు బిడ్డా. లేకుంటే మీ నాయిన పేరు ఖరాబైతది."

అలాగే చెప్పాను. ఏ కొమ్మ మీద నుంచి పడ్డానో కూడా కల్పించి చెప్పేదాన్ని. నాన్న మాత్రం నా దగ్గరకు రాలేదు. పశువుల కొట్టంలోనే పడుకునేవాడు.

ఆదివారం వచ్చింది. మా ఊరి చర్చి అంటే రేకుల షెడ్డే. ఎవరైనా తమ బతుకులో జరిగింది సాక్ష్యంగా చెప్పేది ఉంటే చెప్పమని పాస్టరుగారు అనగానే నాన్న లేచాడు. యుద్ధం ముచ్చట్లు చెబుతాడని అందరూ సర్దుకొని కూర్చున్నారు.

"నా బిడ్డ చెట్టు మీదికెళ్లి పడలే," అన్నాడు. "దాని చెయ్యి నేనే ఇరగ్గొట్టిన. కోపంతోటి కాదు, భయంతోటి. యుద్ధం కాడికెళ్లి వచ్చినంక గూడ భయం నన్ను ఇడుస్తలేదు. ఎనుకకెళ్లి ఎవరన్న తాకితే నేను ఏడున్ననో నాకే తెల్వది. నన్ను ముంగటికొచ్చి పిలవండి. బిడ్డ అబద్ధమాడింది నా కోసమే. దాన్నేమనకండి."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేలమీద పడ్డ రోజుకన్నా ఆ రోజే నేను ఎక్కువ బిత్తరపోయాను. తుపాకీ పట్టిన మనిషి, తనకు భయమేస్తోందని నలుగురిలో నిలబడి చెప్పవచ్చని నాకు అంతవరకు తెలియదు.

ఆ తర్వాత మేము కొంత పోగొట్టుకున్నాం. నాన్నకు బడిలో కాపలా పని ఇస్తామన్నవాళ్లు మళ్లీ ఆ ఊసెత్తలేదు. కొందరు తమ పిల్లల్ని మా వాకిట్లోకి రానివ్వలేదు. కానీ ఆ సాయంత్రం నాన్న కొట్టంలోంచి ఇంట్లోకి వచ్చి, నాకు అన్నం కలిపి తినిపించాడు. ఎదురుగా వెళ్లి పిలవడం మేమంతా అలవాటు చేసుకున్నాం. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన ఉలికిపాటు తగ్గింది, పూర్తిగా పోలేదు.

నేను పెద్దయి మిలిటరీ నర్సునయ్యాను. నా చేతుల్లో పోయిన జవాన్ల ముఖాలు రిటైరయ్యాక నాతోపాటే సత్తుపల్లికి వచ్చాయి. ఊరి పక్క బొగ్గుగనిలో పేలుడు వినిపించినప్పుడల్లా గోడకు ఆనుకొని కూలబడేదాన్ని. ఇంట్లో బీపీ అని చెప్పేదాన్ని.

పోయిన ఏడాది ఒకసారి ఆ చప్పుడుకు కాగే నూనె మూకుడు నా చేతిలోంచి జారి, మనవరాలి పాదాలకు జానెడు దూరంలో పడింది. కూతురు పరుగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా, కళ్లు తిరిగినయా?"

అవునంటే అక్కడితో అయిపోయేది.

"లేదు బిడ్డా. నాకు భయమైతుంది," అన్నాను.

ఇప్పుడు ఖమ్మంలో డాక్టరుకు చూపించుకుంటున్నాను. కూతురే వెంట వస్తుంది. ఆ మాట పైకి చెప్పడానికి మా నాన్నకు నాలుగు రోజులు పట్టింది. రిటైరయ్యాక నాకు పదకొండేళ్లు పట్టింది. అయినా చెప్పగలిగానంటే, చెప్పినవాడొకణ్ని ఎనిమిదేళ్లప్పుడే చూసి ఉండబట్టే.