పెంటమ్మ తల వంచితే

మా అక్క పెంటమ్మ ఏడ్చే మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే 1946 ఎండాకాలంలో చిన్న మంగళారం చర్చి సంఘమంతా ఆమె కన్నీళ్ల గురించే మాట్లాడుకుంది. ప్రార్థనలో మోకరించి తల వంచగానే చాప మీద టపటపా నీళ్లు రాలేవి. "గంత పశ్చాత్తాపం నేనెక్కడ చూడలే" అని మా పాస్టరు దయానందం అయ్యగారు అందరి ముందూ మెచ్చుకున్నారు. మిగతా ఆడవాళ్లం ఆమెను చూసి నేర్చుకోవాలట. నాకు ఒళ్లు మండింది. పక్కనే కూర్చునేదాన్ని, ఆమె కళ్లు పొడిగా ఉండడం నాకు తెలుసు.

నీళ్లు కారేది ముక్కులోంచి, అదీ కుడివైపు నుంచే. అంతకు నెల ముందు చేవెళ్ల అంగడి నుంచి వస్తుంటే బండి బోల్తాపడి అక్క నుదురు చక్రానికి కొట్టుకుంది. అప్పటి నుంచి ఇల్లు ఊడ్వడానికి వంగినా అదే ధార.

"పడిశమని ఊకున్నవా?" అని నిలదీశాను.

"అయ్యగారు గంత మాటన్నంక, అవి కన్నీళ్లు కావని ఎట్ల చెప్పాలె చెల్లె? నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"నీ ముఖం సంగతి తర్వాత. ముందు తల సంగతి చూసుకో."

ఆ వారమే జ్వరం వచ్చింది, మెడ బిగుసుకుపోయింది. బావ ప్రేమదాసు బండి కట్టాడు. అక్క ఆర్నెల్ల బిడ్డ నా ఒళ్లో ఉంది. మొయినాబాద్ దాటి పట్నం చేరేదాకా అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను.

దవాఖానలో జనార్దన్ డాక్టరు ఆమె తల వంచి, రాలిన చుక్కలను గాజుగొట్టంలో పట్టాడు. నీలిమందు కలిపి కాచాడు. రంగు మారింది.

"రంగు మారిందంటే దీంట్ల చక్కెర ఉన్నట్టు. పడిశం నీళ్లల్ల చక్కెర ఉండదమ్మా. ఇది మెదడు చుట్టూ ఉండే నీరు. పుర్రె అడుగున చిల్లు పడ్డది. నీళ్లు బయటికొచ్చే తోవల్నే రోగం లోపలికి పోతున్నది."

మందులతో జ్వరమైతే దిగింది. తల ఎత్తుగా పెట్టి మూడు వారాలు పడుకోబెట్టినా ధార ఆగలేదు.

"నుదురు తెరిచి, తొడ నుంచి పొర తీసి చిల్లుకు అతుకు వేస్త. వాసన నరాలు ఆడనే ఉంటయి, బతికినా వాసన తెల్వకపోవచ్చు" అన్నాడు డాక్టరు. 'బతికినా' అన్న మాట తప్ప నాకింకేమీ వినపడలేదు.

తల గొరిగాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డను నువ్వే సాదాలె శాంతా."

"నోర్మూస్కో" అని కసిరి, వరండాలోకి పోయి ఏడ్చాను. ఆ రోజు నేను తల వంచి ప్రార్థించలేకపోయాను. కళ్లు తెరిచి ఆపరేషన్ గది తలుపునే చూస్తూ దేవుణ్ణి అడిగాను. తలుపు కదిలినప్పుడల్లా బావ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. సాయంత్రానికి గానీ ఆమెను బయటకు తేలేదు.

ఆపరేషనైన పద్నాలుగో రోజున డాక్టరు అక్క ఒళ్లో తెల్లగుడ్డ పరిచి, తల వంచమన్నాడు. ఆమె వంచలేదు.

"భయమైతున్నది సారూ."

"నాకూ అయితున్నదమ్మా. జర మెల్లగ వంచు."

వంచింది. మేం ముగ్గురం గుడ్డనే చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపు చూసినా ఒక్క చుక్క పడలేదు. బావ గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

అక్క బిడ్డనిమ్మంది. మాడు మీద ముక్కు పెట్టి పీల్చింది. మళ్లీ పీల్చింది. నా వైపు చూసింది.

"ఏ వాసనా వస్తలేదు శాంతా."

అంతలో బిడ్డ కళ్లు మూసుకునే ఆమె రొమ్ము వెతుక్కుంటూ మొహం రుద్దింది.

"పోతే పోనీ" అంది అక్క. "దీనికి నా వాసన తెలుస్తున్నది గద."