కొలతల పిన్ని ఒప్పుకున్న తప్పు

కొలతల పిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె కుట్టిన చొక్కాకి చేతులు పొట్టిగా వచ్చాయని ఎవరైనా అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. చొక్కా సరిగ్గానే ఉందనీ, కొలతలిచ్చాక మీ చేతులే పెరిగాయనీ వాదించి, వాళ్ళచేతే ఔననిపించి పంపేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అయినా గిరాకీ తగ్గలేదు. ఎందుకంటే దాదాపు ప్రతిసారీ ఆమె కొలతే సరైనది.

ఆమె కుట్టుకొట్టు వెనక గదిలో మా ఉచిత న్యాయ సహాయ కేంద్రం ఉంది. మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ తరఫున కోర్టులో అర్జీలు వేయడం నా పని. ఆ గది మాకు అద్దెకిచ్చింది పిన్నే. ఇచ్చిన కొన్నాళ్ళకే ఎందుకిచ్చానా అనుకుంది. ఊళ్ళో సంసారాల గోలంతా నా గుమ్మంలోకే రావాలా అని నన్ను సాధించింది. నేనూ తక్కువ తినలేదు, అద్దె పుచ్చుకునేటప్పుడు ఆ మాట గుర్తు రాలేదా అన్నాను. కొన్నాళ్ళు మా మధ్య మాటల్లేవు.

తర్వాత తనే వచ్చి, వీధిలో పెట్టిన మా బోర్డు పీకేయమంది. రోజంతా మిషను దగ్గర కూర్చుని చూస్తోందట. ఆ బోర్డు చదివి లోపలికి వచ్చేవాళ్ళకంటే, చదివి అటూ ఇటూ చూసి వెనక్కి పోయేవాళ్ళే ఎక్కువట.

"చేతిలో ఓ గుడ్డముక్క పట్టుకుని నా కొట్లోకి రమ్మను. బట్టలు కుట్టించుకోడానికి వెళ్ళే ఆడదాన్ని ఎక్కడికని ఎవడూ నిలదీయడు," అంది.

అలా మొదలైంది. తెచ్చిన గుడ్డను ఆమె నిజంగానే కుట్టేది, ఇంట్లో చూపించమంటే చూపించాలి కదా. కొలతలు తీసే చిన్న గదికి కొట్టు వైపు పరదా ఉంటుంది, మా గది వైపు తలుపు. టేపు చుట్టేటప్పుడు ఒంటి మీద వాతలు కనపడేవి. ఆమె ఏమీ అడిగేది కాదు. టేపు కాస్త వదులుగా పట్టుకుని కొలతలు తీశాక, తలుపు తెరిచి, లోపల లాయరమ్మ ఉంది వెళ్ళి కూర్చో అనేది.

లెక్కల మాస్టారి భార్య అలా వచ్చినదే. ఎర్ర చుక్కల గుడ్డ తెచ్చింది. నేను అర్జీ రాసి సిద్ధంగా ఉంచాను. ఆమె అక్క తన ఇంటికి వచ్చేయమంది. సంతకం మాత్రం పెట్టదు. కలం చేతికిస్తే, "నాలోనూ తప్పుంది మేడం. ఏ పనీ సరిగ్గా చేతకాదు. ఆయనకి విసుగు రాదా మరి," అనేది. ఏం తప్పు చేశావంటే కూరలో ఉప్పనేది, ఇస్త్రీ మడతనేది. నాకు ఒళ్ళు మండేది. చిలక్కి చెప్పినట్టు చెప్పినా లాభం లేకపోయింది. గొంతు పెంచితే ఆమె మరింత ముడుచుకుపోయేది, అది చూసి నా మీద నాకే కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం మాస్టారే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. కొలతల గదిలోకి వచ్చి పరదా సందులోంచి చూశాను. చూడ్డానికి మర్యాదస్తుడే. ఒక్క డ్రెస్సుకి ఇన్నిసార్లు తిరగడమేమిటని నవ్వుతూనే అడిగాడు. చూపు మాత్రం పరదా మీదే ఉంది. అతని భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అతను ఆ పరదా తీస్తే నేనూ నా గదీ బయటపడతాం. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, మళ్ళీ ఆమె ఈ వీధి మొహం చూడదని కూడా తెలుసు.

పిన్ని మిషను ఆపి లేచింది. కొట్లో బట్టలివ్వడానికి వచ్చిన మరో ఇద్దరున్నారు. వాళ్ళు వింటుండగానే అంది, "తప్పు నాదే మాస్టారూ. కత్తెర వంకర పోయింది. మీ ఆవిణ్ణి ఉత్తపుణ్యానికి తిప్పాను."

ఆ మాట ఆమె నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. డ్రెస్సు ఎప్పుడో తయారైంది. ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు. దాన్ని మాస్టారి భార్య చేతిలో పెట్టి, లోపల వేసుకుని చూసుకో అమ్మాయ్ అని పరదా వెనక్కి పంపింది.

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తిట్టడానికి మనిషి దొరికితే అతను కదలడని పిన్ని ఎలా పసిగట్టిందో మరి. చేతకానప్పుడు పని ఒప్పుకోవడం ఎందుకన్నాడు. కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడు. నీలాంటివాళ్ళకి ఎంత చెప్పినా దండగన్నాడు. గొంతు పెంచలేదు, పాఠం చెప్పినట్టు ఒక్కో మాటా నొక్కి నొక్కి అన్నాడు. మాటకు మాట అప్పజెప్పే మా పిన్ని తల వంచుకుని, అవునండీ, పొరపాటేనండీ అంటూ నిలబడింది. అక్కడున్న ఒకావిడ తన గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇటు నా గదిలో అతని భార్య డ్రెస్సు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. నేను అర్జీ ఊసెత్తలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. అతను అనబోయే మాటని అతనికంటే ముందే ఆమె లోలోపల అనేస్తోంది.

"ఆవిడ ఏ తప్పూ చేయలేదు కదా మేడం," అంది చివరికి.

"లేదు."

"అన్నీ నన్ననే మాటలే. ఒక్కటీ మారలేదు."

కలం తనే అడిగి తీసుకుంది. సంతకం పెట్టి, డ్రెస్సు నా బల్ల మీద వదిలి, మా గుమాస్తాను తోడు తీసుకుని పెరటి తలుపు గుండా బయటపడి, బండెక్కి అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

బండి కదిలిన చప్పుడు విన్నాక నేను కొట్లోకి వెళ్ళాను. ఆమె లాయర్ని నేనని, ఇకమీదట ఆమెకి ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పాలని మాస్టారితో అన్నాను. అతను మెల్లగా లేచాడు. నలుగురిలో పరువు చూసుకునే మనిషి. పిన్నిని ఒక చూపు చూసి బయటికి నడిచాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మొత్తానికి నీ నోటితో తప్పు ఒప్పుకున్నావు పిన్నీ అని ఆటపట్టించబోయాను. ఆమె వినిపించుకోలేదు. నా బల్ల మీది డ్రెస్సు తెచ్చి పరిచింది. టేపు పట్టి భుజం కొలిచింది, నడుము కొలిచింది, మళ్ళీ భుజం కొలిచింది. అది సరిగ్గానే ఉంది కదా, ఇంకా ఏం చూస్తున్నావని అడిగాను.

"ఉందని నాకూ తెలుసు. అబద్ధమాడింది నేనే. అయినా అతని మాటలు వినగా వినగా, నిజంగానే చెడగొట్టానేమో అనిపించింది లాయరమ్మా," అంది. టేపు వదిలేసి కుర్చీలో కూలబడింది. "పావుగంటకే నాకిలా ఉంటే, ఆ పిల్ల ఇన్నేళ్ళూ ఎలా విన్నదో."