‘నిద్ర’ అనే ఫోల్డరు

ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఒక్క అబద్ధంతో. ఆ అబద్ధం చెప్పడానికి నాకు పట్టిన సమయం చాలా తక్కువ. మోయడం మాత్రం ఇప్పటికీ అవలేదు. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. క్లాసులో పాఠం చెబుతుంటే మాట మధ్యలో ఆగిపోతుంది. మా ఆవిడకు తెలియదు. మా అమ్మకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు ఆగుతాను?

అప్పుడు రాజమండ్రిలో ఎమ్‌సీఏ చదువుతున్నాను. మాది పెద్దాపురం దగ్గర పల్లె, నాన్నది వ్యవసాయం. ఒక రిటైరైన తెలుగు మాస్టారింట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. కింద మాస్టారు, అమ్మగారు ఉండేవారు. వాళ్ళమ్మాయి సుగుణక్క కాకినాడలో నర్సు. లూథరన్ కుటుంబం. మాస్టారు చర్చిలో పాటల బృందాన్ని చాలా ఏళ్ళుగా నడిపిస్తున్నారు. ఆదివారం ఉదయం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో ఆయన గేటు తీస్తుంటే, ఆ వీధి అంతా ఆయనకు పక్కకి జరిగినట్టే ఉండేది.

ఆయనకొక పిచ్చి ఉండేది. పాత కీర్తనలకు పాత మట్టులు, అంటే పాత బాణీలు. పుస్తకంలో మాటలు అచ్చయ్యాయి గానీ, వాటిని పాడే తీరు ముసలమ్మల గొంతుల్లోనే ఉందని ఆయన బాధ. కడియం నర్సరీల్లో మొక్కలకు మట్టి కట్టిన ఆడవాళ్ళు, ఆత్రేయపురం వైపు కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు, చదువు రానివాళ్ళే ఎక్కువ. ఒకే కీర్తనను ఊరికో రకంగా ఎత్తుకునేవారట. మాస్టారు బస్సుల్లో ఊరూరూ తిరిగి, వాళ్ళ వాకిట్లో కూర్చుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని వచ్చి, తన ల్యాప్‌టాప్‌లో దాచి, ఫోన్‌లో చోటు చాలదని అక్కడివి తీసేసేవారు. దాచడమంటే డీ డ్రైవ్‌లో. ల్యాప్‌టాప్ అమ్మినతను ముఖ్యమైనవి సీలో ఉంచొద్దని, ఫార్మాట్ చేస్తే పోతాయని, డీలో పెట్టుకోమని చెప్పాడట. మా వైపు కంప్యూటర్ కొన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంటుంది. డీ అంటే బీరువాలో లోపలి అర.

నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు. మధ్యాహ్నాలు ఆయన తనది నాకు ఇచ్చేవారు. అడక్కుండానే ఇచ్చేవారు. డీ జోలికి మాత్రం వెళ్ళొద్దని ఒకసారి నవ్వుతూ చెప్పారు. నేను కూడా నవ్వాను.

కాలేజీలో నా పక్కవాళ్ళందరూ లైనక్స్ వేసుకుంటున్నారు. కంప్యూటర్ ఆన్ చేయగానే విండోసా, లైనక్సా అని అడుగుతుంటే వాళ్ళు ఎంత గొప్పగా చూసేవారో! ఇంటర్వ్యూల్లో అడుగుతారని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అది సగమే. నాకూ అలా గొప్పగా చూడాలని ఉంది. మాస్టార్ని అడిగానా? లేదు. అడిగితే వద్దంటారని తెలుసు. ఆయన చూసేలోపు పని ముగించి, మళ్ళీ తీసేయొచ్చనుకున్నాను. పైగా కంప్యూటర్లు చదువుతున్నవాణ్ణి, నాకు రాకపోవడమేంటి?

డిస్కులో లైనక్స్‌కి విడిగా ఒక భాగం కావాలి. సీని కుదించబోతే కుదరలేదు. డీలో బోలెడు ఖాళీ ఉంది. దాన్ని కుదిస్తే కుదిరింది గానీ, ఆ డిస్కులో పట్టేన్ని భాగాలు అప్పటికే ఉండటంతో కొత్తది తయారు కాలేదు. ఒకటి తీసేయాల్సిందే. డీలో ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తి, డీని తీసేసి, ఆ జాగాను రెండుగా పంచి, ఒక వాటా లైనక్స్‌కి ఇచ్చి, రెండో దాన్ని మళ్ళీ డీగా చేసి, ఎత్తినవన్నీ సర్దేద్దామనుకున్నాను. చెప్పుకోవడానికి బాగానే ఉంది కదా? అప్పుడూ బాగానే ఉంది.

పెన్‌డ్రైవ్‌లో అన్నీ పట్టలేదు. డీలో పెద్దవి రెండు ఫోల్డర్లు. ఒకటి ‘పాటలు’. రెండోది ‘నిద్ర’. మాస్టారు రాత్రిళ్ళు నిద్ర పట్టక ఏదో సంగీతం వింటారని అమ్మగారు ఒకసారి అన్నారు. అదే అయ్యుంటుందనుకున్నాను. ఎక్కడైనా మళ్ళీ దొరుకుతుంది, పోతే పోయిందిలే అనుకున్నాను. తెరిచి చూశానా? ఒక్కసారి నొక్కితే తెరుచుకునేది. ఆ ఒక్క నొక్కుడు నేను నొక్కలేదు. ఇప్పటికీ నాకు అర్థం కానిది ఇదే. అంత తొందర ఎందుకు పడ్డాను? కింద ఎవరూ లేరు, ఇద్దరూ పెళ్ళికి వెళ్ళారు. తరుముతున్నవాళ్ళు లేరు.

‘పాటలు’ కాపీ చేశాను. మిగతా చిన్నవి చేశాను. డీని తీసేశాను. లైనక్స్ వచ్చింది, మిగిలిన వాటాలో కొత్త డీ చేసి ఎత్తినవి సర్దేశాను. మెషీన్ ఆన్ కాగానే నల్లటి తెర మీద రెండు పేర్లు కనిపించాయి. ఏమీ నొక్కకపోతే విండోసే తెరుచుకునేలా పెట్టాను, మాస్టారికి తేడా తెలియకుండా. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి సిగ్గేస్తోంది.

ఒకటి రెండు రోజుల తర్వాత మాస్టారు మేడ మెట్లెక్కి వచ్చారు. మోకాళ్ళ నొప్పులని ఆయన మేడ మీదకి రావడం మానేసి చాలా కాలమైంది. గడప దగ్గర నిలబడి, ఊపిరి తీసుకుని, మెల్లగా అడిగారు.

“బాబూ, నిద్ర కనపట్టం లేదేంటి?”

నాకు అర్థం కాలేదు. ఏం నిద్రండీ అన్నాను.

“నిద్రించినోళ్ళ గొంతులు బాబూ. బతికున్నోళ్ళయి ‘పాటలు’లో ఉంచాను. ప్రభువులో నిద్రించాక ఒక్కొక్కళ్ళనీ తీసి అందులో పెట్టుకుంటున్నాను. పాటలున్నాయి. నిద్ర లేదు.”

క్రైస్తవులు చనిపోయినవాళ్ళను నిద్రించారంటారని నాకు తెలియదా? తెలుసు. మా ఊరి చర్చి గోడ మీద చదివాను. కానీ ఆ ఫోల్డరు పేరు చూసినప్పుడు ఆ మాట తట్టలేదు. బతికున్న ముసలమ్మలందరినీ భద్రంగా పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తాను. మళ్ళీ పాడలేనివాళ్ళను వదిలేశాను.

అయినా నోరు మాత్రం తడుముకోకుండా పలికింది.

“మీరే ఏదో నొక్కేసుంటారండి మాస్టారూ.”

“నేనా?”

“షిఫ్ట్ మీద చెయ్యి పడి డిలీట్ నొక్కితే చెత్తబుట్టలోకి కూడా రాదండి. పూర్తిగా పోతుంది.”

ఆయన తన కుడిచెయ్యి వైపు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. తర్వాత, “అయ్యుంటది బాబూ, ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నాను,” అని నా భుజం తట్టి, గోడ పట్టుకుని దిగిపోయారు. ఆయన నన్ను ఓదార్చి వెళ్ళారు. నేను కంగారుపడ్డానని అనుకున్నారు.

అప్పుడైనా వెనకాలే పరిగెత్తి నిజం చెబితే ఏమయ్యేది? తిట్టేవారేమో. గది ఖాళీ చేయమనేవారేమో. కానీ ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకుండా, అలాగే పోయినవాటిని వెలికితీసేవాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళి ఉంటే, కొన్ని గొంతులైనా దొరికేవి. ఆ సంగతి నాకు బాగా తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నేనేం చేశాను? వాళ్ళు చర్చికి వెళ్ళిన ఆదివారం ఉదయం లైనక్స్ తీసేశాను. ఆ జాగాను డీలో కలిపేశాను. మొత్తం చెరిపి, ఫైళ్ళు మళ్ళీ నింపాను. తేలు కుట్టిన దొంగలా ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. మొదటిది పొరపాటని ఎవరైనా సర్దిచెప్పొచ్చు. ఈ రెండోదాన్ని నేనే సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

ఆ తర్వాత మాస్టారు మారిపోయారు. గేటుకు తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి చూసుకునేవారు. గ్యాస్ కట్టానా అని అమ్మగారిని మళ్ళీ మళ్ళీ అడిగేవారు. ల్యాప్‌టాప్ ముట్టుకోవడం మానేసి, బాబూ నువ్వే ఉంచుకో, నా చేతిలో ఉంటే మిగిలినవి కూడా పోగొడతాను అన్నారు. నేను తీసుకున్నాను. అవునండి, తీసుకున్నాను. మొహమాటానికి కూడా వద్దనలేదు. ఉన్న ‘పాటలు’ కూడా ఆయన మళ్ళీ వినలేదు. ఊళ్ళకు వెళ్ళడం ఆపేశారు. క్రిస్మస్‌కు ముందు పాటల బృందం వేరేవాళ్ళకు అప్పగించి, వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టారు. పాడుతూ పాడుతూ చరణం తప్పుతానేమోనని భయమట. అంతవరకు ఆయన ఎప్పుడూ తప్పలేదు.

కొన్నేళ్ళకు నిజంగానే మతి తప్పింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, తోడుగా నన్ను రమ్మన్నారు అమ్మగారు. అప్పటికి నేను రాజమండ్రిలోనే ఒక కాలేజీలో ఉద్యోగంలో చేరాను, వాళ్ళింటికి కొడుకులాంటివాణ్ణి. ఇది ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. ఆ ల్యాప్‌టాప్‌లో నిద్రించినోళ్ళ పాటలు చెరిపేసుకున్నప్పటి నుంచండి అని అమ్మగారు చెప్పారు. డాక్టరు తలూపాడు. నేను ఆ గదిలోనే, ఆవిడ పక్కన కుర్చీలో ఉన్నాను.

అది నిజంగా జబ్బేనా? ఎలాగూ వచ్చేదా? లేక తన బుర్ర మీద తనకే అనుమానం పుట్టిన మనిషి, రోజూ తనను తాను పరీక్ష చేసుకుంటూ అలసిపోయాడా? డాక్టర్ని అడగలేను. అడగాలంటే ముందు చెప్పాలి. మాస్టారు పోయి చాలా కాలమైంది. సమాధి దగ్గర ఆయన నేర్పిన పిల్లలు ఇప్పుడు అందరూ పాడే మట్టులోనే పాడారు. పాతది ఎవరికీ రాదు.

అమ్మగారూ పోయారు. ఇక చెప్పి లాభమేంటని అప్పుడు కొంచెం తేలికపడ్డాను కూడా. నా నీచత్వం అంతటిది.

మొన్న సుగుణక్క మా ఇంటికి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. ఈ మధ్య పొయ్యి మీద పాలు మరిచిపోతోందట, బండి తాళాలు ఎక్కడ పెట్టానో గుర్తుండటం లేదట. ఉద్యోగం మానేస్తానంది. వార్డులో ఒకరి మందు ఒకరికి ఇస్తే ఎలాగని భయం. “నాన్నకీ ఇలాగే కదరా మొదలైంది, నీకు తెలుసుగా,” అంది.

నాకు తెలుసు. ఎలా మొదలైందో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, మంచి డాక్టరుంటే చూడు తమ్ముడూ అని చెప్పి అక్క వెళ్ళిపోయింది. చూస్తానన్నాను. వీధి చివర ఆటో ఎక్కేదాకా నిలబడ్డాను.

సుగుణక్కకు ఎప్పుడు చెబుతావని మీరు అడుగుతారు. రేపని అనను. ఆ రేపుతో చాలాసార్లు నన్ను నేను మోసం చేసుకున్నాను. చెప్పినా ఆవిడ నన్ను క్షమించకూడదు. ఆ గొంతులు రావు. మాస్టారు తన చెయ్యి వైపు చూసుకున్న ఆ చూపు వెనక్కి పోదు. ఇవాళ నేను చేయగలిగింది, ఎన్నడూ ఎక్కడా అనని మాటను ఇక్కడ అనడం.

మాస్టారు ఏమీ నొక్కలేదు. ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆ ఫోల్డరును పోగొట్టింది నేను.

రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.